మూడూ అయిదూ కలిస్తే నాలుగు కాదు

పీహెచ్ 3 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక లీటరు, పీహెచ్ 5 ఉన్నది మరో లీటరు తెచ్చి ఒకే బకెట్లో పోశాం. ఎంత వస్తుంది? ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా ముందు "నాలుగు" అనేసి, ఆ తర్వాత తల గోక్కుంటారు. మీటరు పెట్టి చూస్తే 3.3. రెండో లీటరుకు బదులు ఉత్త నీళ్లు పోసినా దాదాపు అంతే వచ్చేది.

ఈ చిక్కు పీహెచ్ కొలబద్ద పుట్టుకలోనే ఉంది. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీవాళ్లు పెట్టిన ప్రయోగశాల ఒకటుంది. అక్కడ ఎంజైముల మీద పని చేస్తున్న సోరెన్సెన్ 1909లో ఈ కొలతను ప్రతిపాదించాడు. ద్రావణంలో హైడ్రోజన్ అయాన్లు ఎన్ని ఉన్నాయో రాయాలంటే దశాంశ బిందువు తర్వాత సున్నాలు బారులు తీరతాయి. ఆ సున్నాల గోల లేకుండా పది మీద ఉండే ఘాతాన్ని మాత్రం తీసుకుని, దాని రుణ గుర్తు తీసేసి, అదే కొలత అన్నాడు. సౌకర్యంగానే ఉంది. కానీ ఘాతాంకాలను కూడి సగం చేస్తే అసలు సంఖ్యల సగటు రాదు.

అందుకని కాసేపు పీహెచ్‌ని పక్కన పెట్టి మిల్లీగ్రాముల్లో చూద్దాం. పీహెచ్ 3 ఉన్న లీటరులో విడిగా తిరిగే హైడ్రోజన్ అయాన్లు 1 మిల్లీగ్రాము. పీహెచ్ 5 ఉన్న లీటరులో మిల్లీగ్రాములో నూరో వంతు. రెండూ కలిపితే రెండు లీటర్లకు 1.01 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకు. దాన్ని మళ్లీ పీహెచ్‌లోకి మారిస్తే 3.3. కలిసేవి అయాన్లే, పీహెచ్‌లు కావు. ఏ మిశ్రమానికైనా ముందు ఈ జమాఖర్చు వేసి, చివర ఒక్కసారే పీహెచ్‌లోకి మారాలి.

నీళ్లు పోసి ఆమ్లాన్ని పలుచన చేద్దామనుకునేవాళ్లకు ఈ లెక్క కొంచెం చేదుగానే ఉంటుంది. పీహెచ్ ఒక్క మెట్టు ఎక్కాలంటే పదింతలు నీళ్లు కావాలి. పీహెచ్ 2 ఉన్న లీటరు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఉత్త నీళ్లతోనే 5 దాకా తేవాలంటే మొత్తం వెయ్యి లీటర్లవుతుంది. అదే ఆమ్లాన్ని పూర్తిగా చంపడానికి తడి సున్నంలోని కాల్షియం హైడ్రాక్సైడ్ 0.37 గ్రాము చాలు, చిటికెడు. నీళ్లు అయాన్లను దూరం దూరంగా జరుపుతాయి తప్ప తగ్గించవు. సున్నం వాటిని పట్టుకుని నీళ్లుగా మార్చేస్తుంది.

సున్నం మాట వచ్చింది కనక ఇంట్లో చేసుకోదగ్గ ప్రయోగం ఒకటి చెబుతాను. కావలసినవన్నీ వంటింట్లోనూ తమలపాకుల పళ్లెంలోనూ దొరుకుతాయి. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన ప్రతి చేతికీ, దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు చేసిన ప్రతి అమ్మమ్మకూ తెలుసు. పసుపులో ఉండే కర్కుమిన్ పీహెచ్ 8 చుట్టుపక్కల రంగు మార్చుకుంటుంది. రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాన్లో సున్నపు తేట సగం గ్లాసు పోయండి. రెండోదాన్లో అదే సున్నాన్ని అడుగు నుంచి కలియబెట్టి, పాలలా ఉన్నప్పుడు అంతే పోయండి. రెండింట్లోనూ చిటికెడు పసుపు వేస్తే రెండూ ఎర్రగా అవుతాయి. పీహెచ్ మీటరు ఉంటే రెండింట్లోనూ ఇంచుమించు 12.4 చూపిస్తుంది.

ఇప్పుడు నిమ్మరసం చుక్క చుక్కగా వేయండి. తేట ఉన్న గ్లాసులో చుక్క పడ్డచోట పసుపుపచ్చ మరక ఒకటి విచ్చుకుంటుంది, చెంచాతో తిప్పగానే ఎరుపు దాన్ని మింగేస్తుంది. మరో చుక్క, మళ్లీ అదే తంతు. చెంచాడు రసం పోయబోయే దాకా గ్లాసు మొండిగా ఎర్రగానే ఉంటుంది. ఆ తర్వాత మరక పోవడానికి కాస్త ఎక్కువసేపు తిప్పాల్సి వస్తుంది. ఆపైన ఒకటి రెండు చుక్కలకే గ్లాసంతా పసుపుపచ్చబడి ఊరుకుంటుంది. మిశ్రమాల్లో పీహెచ్ నడక ఇలాగే ఉంటుంది. చాలాసేపు కదలదు, సరిసమానమయ్యే చోట ఒక్కసారిగా అంచు దాటుతుంది.

పాలలాంటి సున్నం ఉన్న గ్లాసు వేషం వేరు. చెంచాడు రసానికి అది లొంగదు. పోయగా పోయగా పసుపుపచ్చకు తిరిగిందని చెంచా కింద పెడితే, కొన్ని నిమిషాల్లో అడుగు నుంచి ఎరుపు మళ్లీ పైకి వస్తుంది. కరగకుండా మిగిలిన సున్నపు రేణువులు ఒక్కొక్కటే కరిగి, ఖర్చయిన క్షారాన్ని భర్తీ చేస్తున్నాయన్నమాట. మొదట మీటరు రెండు గ్లాసులకూ ఒకే అంకె చెప్పింది. ఆమ్లం కలిపాక మాత్రం రెండూ ఒకలా ప్రవర్తించలేదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. రెండు ద్రావణాలు కలిస్తే ఏమవుతుందో వాటి పీహెచ్‌లు చూసి చెప్పలేం. పీహెచ్ అనేది రైతు జేబులో ఉన్న నోట్లు. అతను ఎంత నష్టానికి తట్టుకుంటాడో తెలియాలంటే గాదెలో ధాన్యం ఎంతుందో చూడాలి. వెనిగర్లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, స్నానాల గది కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండింటినీ పీహెచ్ 3 దగ్గర పెట్టి పోల్చి చూడండి. హైడ్రోక్లోరిక్ లీటరులో ఉన్న హైడ్రోజన్ అంతా ఆ 1 మిల్లీగ్రామే, మొత్తం బయటే ఉంది. ఎసిటిక్ లీటరులో బయట తిరిగేది 1 మిల్లీగ్రామే అయినా, అణువుల్లో దాగి అవసరమైనప్పుడు విడుదలయ్యేది మరో 57. రెండింటికీ పీహెచ్ 11 ఉన్న కాస్టిక్ సోడా ద్రావణం చెరో లీటరు కలపండి. హైడ్రోక్లోరిక్ సరిగ్గా 7కి వస్తుంది. ఎసిటిక్ 3.3 దగ్గర ఆగిపోతుంది, కాస్టిక్ సోడా వచ్చి వెళ్లిన ఆనవాలు కూడా కనిపించదు.

బళ్లారిలో ఈ తేడా రోజూ డబ్బుల్లో తేలుతుంది. 1953 అక్టోబర్ 1న పాత బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగిలింది మైసూరుకు పోయింది. తెలుగు మాత్రం గీతకు రెండువైపులా ఉండిపోయింది. ఇప్పుడు ఆ ఊరి పేరు దేశమంతా తిరిగేది జీన్స్ ప్యాంట్ల మీద. ఇళ్లలోనూ చిన్న షెడ్లలోనూ కుట్టిన ప్యాంటు అట్టలా బిగుసుకుని ఉంటుంది, పడుగు నూలుకు నేతకు ముందు పట్టించిన గంజి అందులోనే ఉంటుంది కాబట్టి. అది వాషింగ్ యూనిట్‌కు వెళ్లాకే మనం దుకాణంలో చూసే మెత్తదనం, వెలిసిన నీలం వస్తాయి. ఒకప్పుడు దీనికి గుల్లరాళ్లతో కలిపి తిప్పేవాళ్లు, స్టోన్ వాష్ అన్న పేరు అలా వచ్చిందే. ఇప్పుడు రాళ్ల పనిలో చాలా భాగం సెల్యులేజ్ అనే ఎంజైము చేస్తుంది. నూలు పైపొరను కొరికి, దానికి అంటుకున్న నీలిమందును ఊడదీస్తుంది.

సెల్యులేజ్‌లో ఆమ్ల రకానికి పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉంటేనే పని. అటూ ఇటూ జరిగితే మందగిస్తుంది. అందుకే డ్రమ్ములోకి ఎసిటిక్ ఆమ్లం పోస్తారు. ఎంత పోయాలి? ఇక్కడే నీళ్ల సంగతి చూడాలి.

500 లీటర్ల డ్రమ్ము అనుకుందాం. అందులో ఏ ఖనిజమూ లేని మెత్తని నీరు ఉంటే, పీహెచ్ 5కి రావడానికి గాఢ ఎసిటిక్ ఆమ్లం అర గ్రాము సరిపోతుంది. ఇప్పుడు అదే డ్రమ్మును బోరు నీటితో నింపండి. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఉంటాయి. రాళ్లలోంచీ మట్టిలోంచీ ఊరి వచ్చే నీటికి ఇది సహజం. వీటివల్ల వచ్చే క్షారత తాగునీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలని భారతీయ ప్రమాణం అంటుంది, వేరే నీరు దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మధ్యస్థంగా 300 అనుకుని లెక్క వేస్తే, ఆ డ్రమ్ముకు కావలసిన ఎసిటిక్ ఆమ్లం దాదాపు 270 గ్రాములు. అయిదు వందల రెట్లు పైమాట. ఆమ్లం పోయకముందు మీటరు రెండు డ్రమ్ములకూ ఏడూ ఎనిమిదీ మధ్య ఏదో ఒక మామూలు అంకెనే చూపించి ఉంటుంది.

కనక ఇంకో ఊళ్లో బాగా పనిచేసిన "బ్యాచ్‌కు ఇంత" అన్న కొలతను రాసుకొచ్చి ఇక్కడ వాడితే, ఆమ్లం ఎంజైము దాకా చేరకముందే బైకార్బొనేట్ తాగేస్తుంది. ప్యాంటు నీలం దిగదు, నింద ఎంజైము అమ్మినవాడి మీద పడుతుంది. అలాగని మెత్తని నీరు దొరికితే పండగే అనుకోనక్కర్లేదు. అర గ్రాముతో తెచ్చిన పీహెచ్ 5కి నిలకడ ఉండదు. గంజి తీసే దశలో బట్టలో మిగిలిపోయిన కొద్దిపాటి సోడా చాలు, దాన్ని ఏడు పైకి తోసేయడానికి. అందుకే అనుభవమున్న వాషింగ్ మాస్టరు ఎసిటిక్ ఆమ్లంతోపాటు సోడియం ఎసిటేట్ కూడా వేస్తాడు. బలహీన ఆమ్లమూ దాని లవణమూ జంటగా ఉంటే బయటినుంచి ఆమ్లం వచ్చినా క్షారం వచ్చినా రెంట్లో ఒకటి దాన్ని మింగుతుంది. బఫర్ అంటే అదే. ఎంజైము పని ఇక చాలనుకున్నప్పుడు సోడా బూడిద వేసి పీహెచ్‌ని 9 దాటించి, నీటిని వేడెక్కిస్తారు. సెల్యులేజ్ అక్కడితో చచ్చిపోతుంది.

డ్రమ్ము ఖాళీ అయ్యాక కథ కాలువలోకి దిగుతుంది. ఆమ్లం కలిసిన నీరు బైకార్బొనేట్ ఉన్న నీటితో కలిస్తే వచ్చేది కార్బన్ డయాక్సైడ్. అది కొంతసేపు నీళ్లలోనే కరిగి ఉంటుంది, ఉన్నంతసేపూ తానూ ఆమ్లమే. పీహెచ్ 2 ఉన్న లీటరు హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పైన చెప్పిన బోరు నీళ్లు రెండు లీటర్లలో కలిపితే, అప్పటికప్పుడు మీటరు 5.7 దగ్గర చూపుతుంది. అదే నీటిని వెడల్పాటి తొట్టిలో పోసి గాలి తగిలేలా చిలికితే వాయువు ఎగిరిపోయి పీహెచ్ తనంతట తానే 8 చేరుతుంది. ఎవరూ ఏమీ కలపలేదు. నమూనా సీసాకు బిగుతుగా మూత పెట్టి పంపితే ఒక ఫలితం, మూత తీసి ఎండలో ఉంచి పంపితే ఇంకో ఫలితం. నదుల్లోకి వదిలే పరిశ్రమల నీటికి మన దేశంలో సాధారణ హద్దు 5.5 నుంచి 9.0 అని ఉంది కాబట్టి, ఈ తేడాలో ఎవరి ప్రయోజనం వాళ్లు వెతుక్కునే వీలుంది. సీసా తెరిచిన వేళ కూడా నివేదికలో రాయాలని నేనంటాను.

ఆమ్లపు కాలువా క్షారపు కాలువా ఒక గుంటలో కలిపేస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి కదా, మందుల ఖర్చు మిగులుతుంది కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. సూత్రం తప్పు కాదు. శుద్ధి ప్లాంట్లలో ఈక్వలైజేషన్ ట్యాంకు చేసే పనుల్లో అదొకటి. కానీ ఏడు దగ్గరికి తెచ్చినంత మాత్రాన రంగూ పోదు, ఉప్పూ పోదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ కాస్టిక్ సోడా కలిస్తే మిగిలేది ఉప్పు నీళ్లే.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. జీన్స్‌ను తెల్లబరిచే సోడియం హైపోక్లోరైట్ క్షారంలో ఉన్నంతకాలం బుద్ధిగా ఉంటుంది. దానికి ఆమ్లం తగిలి పీహెచ్ బాగా పడిపోతే క్లోరిన్ వాయువు బయటికి వస్తుంది. నల్ల జీన్స్‌కు వాడే సల్ఫర్ రంగుల్లో సోడియం సల్ఫైడ్ ఉంటుంది. పీహెచ్ 11 దగ్గర అది నీళ్లలోనే ఉంటుంది, 7కి దిగేసరికి అందులో సగం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఇంకా దిగితే దాదాపు అంతా వాయువే. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుందని అందరికీ తెలుసు. మోతాదు పెరిగితే ఆ కంపును పసిగట్టే శక్తినే ముక్కు కోల్పోతుందని గుంటలోకి దిగే కూలీకి ఎవరూ చెప్పరు. వాసన ఆగిందంటే వాయువు పోయిందనుకోకూడదు, వెంటనే పైకి రావాలి. ఇంట్లో కూడా అంతే, బ్లీచింగ్ పౌడరూ బాత్రూం యాసిడ్డూ ఒకే చోట పోయకండి.

బళ్లారికి పడమరగా తోరణగల్లులో జేఎస్‌డబ్ల్యూ విజయనగర్ ఉక్కు కర్మాగారం ఉంది. అక్కడి కోల్డ్ రోలింగ్ మిల్లుల్లో ఆమ్లం మరో పని చేస్తుంది. వేడిగా సాగదీసిన ఉక్కు రేకు మీద నల్లటి ఆక్సైడ్ పొర పడుతుంది. చల్లటి రోలర్లలో పెట్టేముందు దాన్ని వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి తీయాలి. దీన్ని పిక్లింగ్ అంటారు. పొరతోపాటు ఇనుమూ కాస్త కరిగి, వాడిన ఆమ్లం ఫెర్రస్ క్లోరైడ్‌తో ఆకుపచ్చగా తయారవుతుంది. పెద్ద మిల్లులు దీన్ని పారబోయవు. మండే కొలిమిలోకి చిమ్మితే ఐరన్ ఆక్సైడ్ పొడి ఒకవైపు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం మరోవైపు తిరిగి వస్తాయి.

అలాంటి ఏర్పాటు లేని చిన్న గాల్వనైజింగ్ షెడ్డులో ఈ ఆమ్లాన్ని సున్నంతో చంపాలని చూస్తే ఇనుము ఒక ఆట ఆడిస్తుంది. మీటరు 7 చూపగానే సున్నం ఆపేశారనుకోండి. మర్నాటికి నీళ్లు తుప్పు రంగుకు తిరిగి, పీహెచ్ మళ్లీ ఆమ్లం వైపు జారి ఉంటుంది. ఫెర్రస్ ఇనుము 7 దగ్గర చాలావరకు నీళ్లలోనే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఫెర్రిక్‌గా మారి, హైడ్రాక్సైడ్‌గా అడుగున పేరుకునేటప్పుడు ప్రతి ఇనుప అయానూ రెండు హైడ్రోజన్ అయాన్లను విడిచిపెడుతుంది. లీటరులో ఒక్క గ్రాము ఫెర్రస్ ఇనుముంటే దాని వెనక 36 మిల్లీగ్రాముల హైడ్రోజన్ పొంచి ఉన్నట్టు. పీహెచ్ పడేకొద్దీ ఈ మార్పు నెమ్మదిస్తుంది కనక అంతా ఒకేసారి బయటపడదు. ఇక్కడ తక్షణపు రీడింగు నమ్మకూడదు. గాలి కొడుతూ, పీహెచ్‌ని 8 పైన పట్టి ఉంచి, ఇనుమంతా దిగేదాకా సున్నం వేస్తుండాలి. ఇనుము పేరెత్తితే బళ్లారి జిల్లాలోని సండూరు కొండలు గుర్తొస్తాయి. అక్కడి ఖనిజం హెమటైట్, అంటే ఇప్పటికే ఆక్సైడ్. గంధకం ఉన్న ఖనిజాల గనుల్లో నీళ్లు ఆమ్లంగా మారినట్టు ఇక్కడ మారవు. ఎర్రదుమ్ము బాధ వేరే సంగతి.

ఇక ఫ్యాక్టరీలు వదిలి, అదే జిల్లాలోని సిరుగుప్ప వైపు పొలాల్లోకి వెళ్దాం. తుంగభద్ర డ్యాం నుంచి వచ్చే దిగువ కాలువ ఈ ప్రాంతం మీదుగానే కర్నూలు జిల్లాకు పోతుంది. నీళ్లు రాగానే కోస్తా జిల్లాల నుంచి వచ్చిన తెలుగు రైతులు తుంగభద్ర ఆయకట్టులో స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. నల్లరేగడిలో వరి. నీరు దిగని ఆ నేలలో మురుగు పోయే దారి లేనిచోట్ల ఏళ్లు గడిచేకొద్దీ చౌడు తేలింది. పాలచౌడులో ఉప్పు ఎక్కువ. కారుచౌడులో సోడియం ఎక్కువ, పీహెచ్ 8.5 దాటి 9, 10 దాకా పోతుంది.

కారుచౌడుకు ఆమ్లం పోస్తే సరిపోదా? రేగడిలో సున్నపురాయి గుళికలు కలిసి ఉంటాయి. పైన చూసిన పాలసున్నం గ్లాసు ఎకరాల కొద్దీ పరుచుకున్నట్టే. పోసిన ఆమ్లం ముందు ఆ గుళికల మీదే ఖర్చయిపోతుంది. అయితే జిప్సం వేస్తే పీహెచ్ దిగుతుంది. విచిత్రమేమిటంటే జిప్సం ఆమ్లం కాదు, దాని నీళ్ల పీహెచ్ ఏడు చుట్టుపక్కలే. నేలలో పీహెచ్‌ని పదికి ఎక్కించేది సోడియం కార్బొనేట్. జిప్సంలోని కాల్షియం ఆ కార్బొనేట్‌ను పట్టుకుని కరగని సున్నపురాయిగా కింద పడేస్తుంది. మిగిలిన సోడియం సల్ఫేట్ మామూలు ఉప్పులాంటిది, దానికి క్షారగుణం లేదు. ఆమ్లమే లేకుండా క్షారాన్ని మిశ్రమం నుంచి తొలగించే దారి ఇది. బంకమట్టిని పట్టుకున్న సోడియం స్థానంలోకి కూడా కాల్షియం చేరి, మట్టి పలుకు కట్టి, నీరు దిగడం మొదలవుతుంది. ఆ సోడియం సల్ఫేట్‌ను నీళ్లు పెట్టి, మురుగు కాలువ తీసి పొలం దాటించాలి. దాటించకపోతే జిప్సానికి పెట్టిన డబ్బు సగం వృథా.

బాగు చేస్తున్న కారుచౌడులో మొదటి పంటగా వరి వేయమనడానికి రసాయన కారణం ఉంది. నిండా నీరు కట్టిన మడిలో వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక మట్టినీటిలోనే కరుగుతుంది, కొన్ని వారాల్లో పీహెచ్ ఏడు వైపు జరుగుతుంది. కోతకు ముందు నీరు తీసేస్తే వాయువు పోయి పీహెచ్ మళ్లీ పైకి పోతుంది. నాట్లు వేసిన పొలంలో తీసిన మట్టినీ, ఎండాకాలంలో తీసిన మట్టినీ ఒకే కాగితం మీద పోల్చడం అందుకే దండగ.

మడిలో నిలిచిన నీటి మీద దీనికి సరిగ్గా తలకిందులు జరుగుతుంది. ఎండ ఎక్కేకొద్దీ నాచు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. మధ్యాహ్నానికి పైనీటి పీహెచ్ 9 దాటవచ్చు, రాత్రికి మళ్లీ దిగుతుంది. యూరియా నీళ్లలో కరిగి అమ్మోనియంగా మారాక, 9.2 దగ్గర అందులో సగం అమ్మోనియా వాయువుగా ఉంటుంది, గాలికి పోతుంది. అందుకని నిండు నీళ్ల మీద యూరియా చల్లకూడదు. మడిలో నీరు తీసేసి బురద మీద చల్లి, ఒకటి రెండు రోజులాగి నీరు పెడితే అమ్మోనియం మట్టిలోకి దిగి బంకమట్టిని పట్టుకుంటుంది, నాచు దాని జోలికి రాలేదు.